చివరిదాకా పచ్చగా ఉన్న శనగ బెట్టకు తట్టుకున్నట్టేనా?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. కార్తీకంలో జేజీ-11 శనగ, దాని పక్కనే తెలిసినవాళ్లిచ్చిన ఇంకో రకం నాలుగేసి సాళ్లు వేశాను. నీళ్లు కట్టలేదు. జేజీ-11 పండుబారింది, రెండోది ఇంకా పచ్చగా ఉంది. బెట్టకు తట్టుకునేది అదేనని వచ్చే ఏడు చేనంతా వేయవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: తొందరపడకండి. మన వైపు శనక్కాయ అంటే వేరుశనగ గనుక, ఇది పప్పుశనగ సంగతని మిగతా పాఠకులకు ముందే చెబుతున్నా.

ముందు ఆ పచ్చటి మొక్కలు ఒక పది పీకి కాయలు ఒలవండి. తెల్లారి మంచు మీద పీకితే ఆకు పులుసు వేళ్లకు అంటి చుర్రుమంటుంది, ఎండెక్కాక వెళ్లండి. గింజ నిండకుండా డొల్ల కాయలే ఎక్కువుంటే, ఆ పచ్చదనం ఆకుకే తప్ప మీకు పనికిరాదు. జేజీ-11 ముందే పండటం కూడా ఓడిపోవడం కాదు. శనగ నేలలో మిగిలిన పదును మీద పండే పంట. పదును అడుగంటేలోపే కాయ ఊరిన రకం బెట్టను తప్పించుకుంటుంది. తప్పించుకోవడం వేరు, తట్టుకోవడం వేరు. అందుకే ఏ రకం ఎన్ని రోజులకు పూసిందో రాసి పెట్టుకోవాలి.

తట్టుకుంటుందో లేదో తేలాలంటే ప్రతి రకాన్నీ రెండు చోట్ల వేయాలి, ఒకచోట నీళ్లు కట్టి, ఒకచోట కట్టకుండా. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. ఒక ఏడాది రెండు మడుల మధ్య గట్టు ఒక్కటే వదిలాను. నీటి మడి ఊట ఎండు మడిలోకి దిగింది. గట్టు పక్క సాళ్లు ఏపుగా పెరిగితే ఆ రకం గొప్పదనుకున్నా. పార పెట్టి తవ్వితే మట్టి చేతికి ముద్దలా వచ్చింది. ఏడాది కష్టం పోయింది, ఇప్పటికీ బాధే. మధ్యలో నాలుగైదు అడుగులైనా ఖాళీ వదలండి.

తూకం దగ్గర ఇంకో చిక్కుంది. నీటి మడిలో 400 గ్రాములిచ్చి ఎండు మడిలో 360 ఇచ్చిన రకం తగ్గింది పదో వంతే. వెయ్యి ఇచ్చేది 600కు పడిపోతే చాలా తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ బెట్టలో ఎక్కువ గింజ ఇచ్చింది రెండోదే కదా! నేనైతే దాన్నే ఎంచుకుంటా.

లోతు వేర్ల రకాలని చాలామంది అడుగుతారు. ఐసీసీ 4958 అనే శనగ రకం అందుకే పేరు పొందింది. లోతు నల్లరేగడిలో ఆ వేర్లకు పని ఉంటుంది. మీది ఎర్ర నేలై, జానెడు కింద గరుసు తగిలితే వేరు దిగి తాగేందుకు నీరేది? పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పొడవాటి పైపుల్లో మట్టి నింపి శనగ పెంచి, పైపుతో సహా తూచి, మొక్క ఎప్పుడెంత నీరు తాగిందో లెక్కకట్టారు. బెట్టకు తట్టుకున్న రకాలు మొదట్లో పొదుపుగా తాగి, కాయ ఊరే వేళకు నీరు మిగుల్చుకున్నాయని తేలింది. మీ నేలలో పనికొచ్చే గుణం అదే.

ఇంకొకటి. మనకు ఈశాన్య రుతుపవనాల వాన డిసెంబరులోనూ పడుతుంది. ఒక్క మంచి వాన పడితే ఆ ఏటి బెట్ట పరీక్ష చెల్లనట్టే, కనుక రెండు మూడేళ్లు చూడాలి. ఈసారికి రెండు రకాలనూ విడివిడిగా నూర్చి, గింజ ఎండబెట్టి తూచండి. సాళ్ల పొడవు, పూత రోజులు, ఆ తూకం రాసి పంపితే వచ్చే కార్తీకానికి ఏం వేయాలో కలిసి తేల్చుకుందాం.