నీళ్లను పంపు తిరిగి పైకి పంపే రిటర్న్ పైపులోంచి చేపల ట్యాంకులోకి సన్న గాలి బుడగలు వస్తున్నాయి, ఎలా ఆపాలి?

ముందు సంప్ (ట్యాంకు కింద ఉండే వడపోత తొట్టి) చివరి గదిలోకి, అంటే పంపు నీళ్లు తీసుకునే గదిలోకి, టార్చి వేసి చూడండి. అక్కడి నీళ్లలోనే బుడగలు తిరుగుతుంటే లోపం ట్యాంకు నీళ్లను సంప్‌లోకి దింపే ఓవర్‌ఫ్లో పైపుది, లేదా నురగతో మురికి తీసే స్కిమ్మర్‌ది. స్కిమ్మర్‌ను అరగంట ఆపితే ఆ రెండిట్లో ఏదన్నది తేలిపోతుంది. కొత్త స్కిమ్మర్ అయితే మొదటి కొన్ని రోజులు బుడగలు వదలడం మామూలే.

ఓవర్‌ఫ్లో పైపు అయితే దాని చివర సంప్ నీటిమట్టానికి 2-3 సెం.మీ. కింద ఉంటే చాలు. మరీ లోతుగా ముంచితే పైపులో గాలి చిక్కుకుని ఉండుండి ఎగదన్నుతుంది. రెండు పైపులుంటే అదృష్టమే: మొదటిదానికి గేట్ వాల్వ్ పెట్టి, ఓవర్‌ఫ్లో గదిలో (ట్యాంకులో ఆ పైపులు మొదలయ్యే చోటు) నీళ్లు దాని మూతికి పైన నిలిచేదాకా కొద్దికొద్దిగా మూయండి. తిప్పిన ప్రతిసారీ నీటిమట్టం కుదురుకోనివ్వండి. పైపు నిండా నీళ్లే పారితే గాలికి చోటుండదు, చప్పుడూ ఆగుతుంది. బాల్ వాల్వ్‌తో ఇంత సన్నగా సర్దడం కష్టం. రెండో పైపుకు మాత్రం వాల్వ్ పెట్టవద్దు. మొదటిదాంట్లో నత్త ఇరుక్కుంటే ఇంట్లోకి నీళ్లు రాకుండా కాపాడేది అదే.

చివరి గదిలో బుడగలు లేకుండా ట్యాంకులోనే కనిపిస్తే పంపే గాలి పీలుస్తోంది. ఎండాకాలం నీళ్లు ఆవిరై తగ్గేది ఆ గదిలోనే. పంపు మూతి మీద సుడి కనిపిస్తే నీళ్లు నింపండి. పంపు సంప్ బయట ఉంటే, దానికి నీళ్లొచ్చే వైపు అతుకులు విప్పి టెఫ్లాన్ టేపు చుట్టి బిగించండి. అక్కడ నీళ్లు కారకపోయినా గాలి దూరగలదు.