ముందు సెల్లారులోకి దిగి చూడండి

ప్రశ్న: మాది విజయవాడ పటమటలో అపార్టుమెంటు. విద్యుత్ కారు కొనాలని నాకు ఆశ. ఊళ్లో చార్జింగ్ స్టేషన్లు పెరిగే దాకా ఆగుదామని మావారు అంటున్నారు. ఆగమంటారా?

జవాబు: అమ్మా, మీవారు ఊళ్లో స్టేషన్లు లెక్కపెడుతున్నారు. నేనైతే ముందు మీ సెల్లారులో సాకెట్ ఎక్కడుందో వెతుకుతాను.

గుంటూరు అరండల్‌పేటలో మా కారు కొన్న కొత్తలో వాచ్‌మన్ గది పక్కనున్న ఉమ్మడి సాకెట్‌కే తగిలించాను. తెల్లవారుజామున బోరు మోటారు వేయగానే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు) పడిపోయింది. ఆరింటికి బిందెలతో సహా నలుగురు మా గుమ్మంలో నిలబడ్డారు! ఆ వారమే మా మీటరు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించి, ఎర్తింగ్ సరిచూపించి, 15 ఆంపియర్ల సాకెట్ పెట్టించాను. దాని మీద గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కుతాయి. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవారికి రెండు, రెండున్నర గంటలు చాలు. ఏసీలూ కారూ ఒకేసారి నడవాలి కాబట్టి మంజూరైన లోడు, అంటే మీ కనెక్షన్‌కు ఒకేసారి ఎంత కరెంటు వాడుకోనిస్తారో, చూసుకోండి.

‘ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు’ అని అసోసియేషన్‌లో ఎవరో ఒకరు తప్పక అంటారు. ఇంటి కనెక్షన్‌తోనే కారు చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లోనే ఉందని చెప్పండి.

మీవారి భయం ఉత్తది కాదు, హైదరాబాద్ ప్రయాణం మాట వస్తే. 275 కిలోమీటర్ల దారి. చిన్న బ్యాటరీ కారైతే మధ్యలో ఆగక తప్పదు. ఒకసారి ఫోనులో ‘ఖాళీ’ అని చూపించిన చోటికి వెళితే, కారుకు తగిలించే చార్జింగ్ గన్నుకు పాలిథిన్ సంచి చుట్టి పురికొసతో కట్టి ఉంది. అడిగితే పాడై పది రోజులైందన్నారు. అప్పటినుంచి పక్కపక్కన రెండు యంత్రాలున్న చోటే ఆగుతున్నాను. అక్కడ కూడా 80 శాతం కాగానే బయలుదేరండి. ఆ పైన బ్యాటరీని కాపాడటానికి కారే కరెంటు తగ్గించుకుంటుంది. మిగతా 20 శాతం కోసం కూర్చుంటే రెండు టీలైనా తాగాలి.

వన్‌టౌన్ సందుల్లో వీధిలోనే బండి నిలిపేవారు ఇదే అడిగితే మాత్రం మీవారి మాటే నిజమంటాను. ఇంటి దగ్గర సాకెట్ లేనివారికి స్టేషనే దిక్కు.

మీరు తీగ లాగించుకోండి. కారు అడ్వాన్సు ఆ తర్వాత కట్టవచ్చు.