స్టెంటు ధర సగానికి పైగా తగ్గింది, బిల్లు మాత్రం పెరిగింది

అమ్మానాన్నలకు 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది, పదిహేనేళ్ల తర్వాత కూడా అది సరిపోతుందా, వైద్యం ఖర్చు ఏడాదికి ఎంత చొప్పున పెరుగుతుందనుకోవాలి అని అడిగారు. సరిపోదండీ. ఎందుకో మా నాన్న ఆస్పత్రి బిల్లులు రెండు ముందు పెట్టుకుని చెబుతాను.

మాది నరసరావుపేట. నాన్నకు ఎరువుల కొట్టు ఉండేది. 2009లో గుండెపోటు వస్తే గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టెంటు వేశారు. 2023లో ఇంకో రక్తనాళం పూడుకుపోయి, అదే ఆస్పత్రిలో మళ్లీ ఒక స్టెంటు పడింది. నాన్న చిన్న కాగితం కూడా పారేయరు. పాత బిల్లు ట్రంకు పెట్టెలో దొరికింది. అక్షరాలు సగం వెలిసిపోయాయి కానీ అడుగున మొత్తం కనిపిస్తోంది: 1,72,000. కొత్త బిల్లు 2,86,000.

పద్నాలుగేళ్లలో ఈ పెరుగుదల అంటే ఏడాదికి 4 శాతం కూడా కాదు. పర్లేదే అనుకున్నాను మొదట. తర్వాత కూర్చుని ఒక్కో లైనూ పక్కపక్కన పెట్టి చూశాను.

2009 బిల్లులో స్టెంటు ఒక్కటే 90,000. 2023లో పన్నుతో కలిపి 40,000. కారణం, 2017 ఫిబ్రవరిలో మందుల ధరలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ, మందు పూత ఉన్న స్టెంటు 29,600 రూపాయలకు మించి అమ్మకూడదని కట్టడి చేసింది. అంతకుముందు అది లక్ష దాటి కూడా అమ్ముడుపోయేది. ఆ తర్వాత టోకు ధరల సూచీని బట్టి సవరిస్తూ వస్తున్నారు. ఇప్పుడు రెండు బిల్లుల్లోంచీ స్టెంటు తీసేసి చూడండి. మిగతా ఖర్చు అప్పుడు 82,000, ఇప్పుడు 2,46,000. సరిగ్గా మూడు రెట్లు. ఏడాదికి 8 శాతం పైమాటే.

మీరు లెక్క వేసుకోవాల్సింది ఈ 8తో. 72ని పెరుగుదల శాతంతో భాగిస్తే ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో సుమారుగా తెలుస్తుంది. 8 శాతమైతే తొమ్మిదేళ్లు, 12 అయితే ఆరేళ్లే. 8 శాతం లెక్కన పదిహేనేళ్ల తర్వాత మీ 5 లక్షలకు దొరికే వైద్యం, ఈరోజు లక్షా అరవై వేలకు దొరికేంతే.

ఏం పెరిగిందంటే, గది రోజుకు 900 ఉండేది 4,500 అయింది. నర్సింగ్ ఛార్జీలని 2009 బిల్లులో అసలు లైనే లేదు. స్టెంటు వేసే గది, అంటే క్యాథ్‌ల్యాబ్‌లోని యంత్రాలు చాలావరకు దిగుమతివే. డాలరు అప్పుడు 48 రూపాయల దగ్గర, 2023లో 82 దగ్గర ఉంది. ఇంకో సంగతి, రెండోసారి స్టెంటు సరిగ్గా కూర్చుందో లేదో రక్తనాళం లోపలి నుంచి చూసే పరీక్ష చేశారు, 2009లో నాన్నకు అది చేయలేదు. దాన్ని ధర పెరగడం అనలేం, వైద్యం మెరుగవడం. ఆ ఖర్చును నేను తప్పుపట్టను. కానీ పాలసీ లెక్కలో అదీ కలుస్తుంది.

మందుల సంగతి వేరు. ప్రభుత్వ జాబితాలో ఉన్నవాటి గరిష్ఠ ధరలు ప్రతి ఏప్రిల్‌లో టోకు సూచీని బట్టి మారతాయి. 2022లో 10.76 శాతం, 2023లో 12.12 శాతం పెంచుకోనిచ్చారు, 2024లో దాదాపు సున్నా. జాబితాలో లేనివాటికి కంపెనీ ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. డాక్టరుగారిని అడిగి నాన్న మాత్రల్లో కొన్ని జన ఔషధి షాపులో తీసుకోవడం మొదలుపెట్టాం, నెల ఖర్చు బాగా తగ్గింది.

అసలు దెబ్బ బీమాలో తగిలింది. మా ఆఫీసు పాలసీలో నాన్నకు 3 లక్షల కవర్ ఉంది, బిల్లు అంతకంటే తక్కువే, కాబట్టి చేతినుంచి ఏమీ పడదనుకున్నాను. కానీ ఆ పాలసీలో గది అద్దె కవర్‌లో 1 శాతం, అంటే రోజుకు 3,000 దాటకూడదు. మేం తీసుకున్న గది 4,500. దాటిన 1,500 మాత్రమే మనం కట్టుకోవాలనుకుంటాం, కాదు. గది, డాక్టర్ ఫీజు, ప్రొసీజర్ ఛార్జీలు అన్నిటికీ అదే నిష్పత్తిలో కోత పడింది. ఇవన్నీ కలిపి 1,80,000 అయితే 1,20,000 మాత్రమే ఇచ్చారు. స్టెంటుకూ మందులకూ ఈ కోత లేదు కానీ గ్లౌజులూ అవీ ఇవీ కలిపి ఇంకో 14,000 తీసేశారు. డిశ్చార్జ్ రోజున కౌంటర్ దగ్గర నేను కట్టింది 74,000. నాన్న వీల్‌చైర్లో కూర్చుని, "అప్పుడు మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టాను, ఇప్పుడు నీ మీద పడ్డానురా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకే ముందు మీ పాలసీలో గది అద్దె పరిమితి ఉందేమో చూడండి. ఉంటే, అది లేని ప్లాన్‌కు మారడం మొదటి పని. కవర్ పెంచాలంటే 5 లక్షల డిడక్టిబుల్‌తో 20 లక్షల సూపర్ టాపప్ చూడండి (అంటే ఏడాదిలో బిల్లులు 5 లక్షలు దాటాక, పై ఖర్చుకు పనికొచ్చే అదనపు పాలసీ), అంత కవర్‌కు విడి పాలసీ కంటే చాలా తక్కువలో వస్తుంది. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయించండి. ముందు నుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్, అంటే వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలం, ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు, కాబట్టి ఈ ఏడాదే తీసుకుంటే మేలు. ప్రీమియం కూడా పెరుగుతూ పోతుంది. అరవై దాటినవారికి ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలని 2025 జనవరిలో నిబంధన వచ్చింది. వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీని అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షల కార్డు ఇస్తున్నారు, అదీ తీసి ఉంచండి. కాకపోతే ఆ 5 లక్షలు 2018లో పథకం మొదలైనప్పుడు పెట్టిన అంకే.

మీ ఇంట్లో పాత ఆస్పత్రి బిల్లు ఏదైనా ఉంటే వెతకండి. స్టెంటు, మోకాలి ఇంప్లాంట్ లాంటి ధర కట్టడి ఉన్నవి పక్కన పెట్టి మిగతాది ఇప్పటి కొటేషన్‌తో పోలిస్తే మీ ఊళ్లో పెరుగుదల ఎంతో తెలుస్తుంది. అమ్మానాన్నల వయసు, పాలసీలో గది అద్దె షరతు ఇక్కడ రాయండి, నేను లెక్క వేసి చెబుతాను.