‘మతం చెప్పింది’ అని రాసేముందు

చిరంజీవికి ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

యూదులకు ఓటు మతధర్మం అంటూ నువ్వు పంపిన వ్యాసం చదివాను. మనవాళ్లు పెద్దగా ముట్టుకోని విషయం ఎంచుకున్నావు, సంతోషం. కానీ మొదటి వాక్యంలోనే కాలు జారావు. ‘తోరా ప్రతి యూదుడినీ ఓటు వేయమని ఆజ్ఞాపించింది’ అన్నావు. ఎక్కడుంది ఆ ఆజ్ఞ? యూదుల మూల ధర్మగ్రంథమైన తోరా నాటికి బ్యాలెట్ పెట్టె ఎక్కడిది, నియోజకవర్గం ఎక్కడిది? విషయం తెలిసినవాడైతే అక్కడితో చదవడం ఆపేస్తాడు. ఎన్నికలంటే ఎరగని గ్రంథాల్లోంచి రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ఈ బాధ్యతను ఎలా రాబట్టారన్నదే నువ్వు చెప్పాల్సిన కథ.

రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ లేఖను ఒక్క లైనులో తేల్చేశావు. నేనైతే అక్కడే మొదలుపెడతాను. 1984 అక్టోబర్ 3. అధ్యక్ష ఎన్నికలకు నెల రోజులుంది. అమెరికాలోని ఆర్థడాక్స్ (సంప్రదాయ) యూదులకు ధర్మసందేహం వస్తే చాలామందికి ఆఖరి మాట ఆయనదే. సోవియట్ పాలనలో లూబన్ అనే ఊళ్లో రబ్బీగా ఉండి, అధికారుల వేధింపులు పడి, 1930లలో న్యూయార్క్ చేరిన మనిషి. ఆ లేఖ మహా అయితే ఒక పేజీ. ఎవరికి ఓటెయ్యాలో అందులో లేదు. ఈ దేశం మనకు ఆశ్రయమిచ్చింది, రాజ్యాంగం మన మతాన్ని మనం పాటించుకోనిచ్చింది, మేలు పొందినవాడు ఆ మేలును గుర్తించి చూపించడం మన ధర్మంలో మూలసూత్రం, కాబట్టి పేరు నమోదు చేయించుకోండి, ఓటు వేయండి. స్థూలంగా అంతే. సమాజ భద్రత మాట చివర్లో వస్తుంది. ముందు నిలబెట్టింది మాత్రం కృతజ్ఞతనే. మనం ఉప్పు తిన్న విశ్వాసం అంటామే, దాదాపు అదే. కాకపోతే ఇక్కడ యజమాని స్థానంలో రాజ్యాంగం ఉంది. ఓటును హక్కుగానో ఆయుధంగానో చూడటం మనకు అలవాటు. బాకీ తీర్చుకోవడంగా చూసినవాణ్ణి ఒక్క లైనులో వదిలేస్తే ఎలా?

బైబిల్ ప్రవక్త యిర్మీయా మాట వాడుకున్నావు, బాగుంది. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు ఆయన రాసింది కూడా ఉత్తరమే. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఆ పట్టణం క్షేమం కోరి ప్రార్థించండి అన్నాడు. ప్రభుత్వ క్షేమం కోసం ప్రార్థించండి, ఆ భయమే లేకపోతే మనుషులు ఒకరినొకరు బతికుండగానే మింగేస్తారు అని రబ్బీ హనీనా అన్నది రోమన్ల ఏలుబడిలో. ప్రార్థించడం తప్ప పాలనలో మరే చెయ్యీ లేని ప్రజలకు చెప్పిన మాటలివి. ఫ్రాన్స్‌లో యూదులకు సమాన పౌరసత్వం దక్కింది 1791లో. ప్రార్థనకూ ఓటుకూ మధ్య అంత దూరముంది. ఆ దూరాన్ని పాఠకుడికి చూపించు. నువ్వు రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టి ‘కాబట్టి’ అనేశావు.

రబ్బీల ధర్మచర్చల సంపుటమైన తల్మూద్‌లో బెరఖోత్ భాగంలోని ఒక చిన్న కథ నీ కంట పడినట్టు లేదు. ఎడారిలో దేవుణ్ణి ఆరాధించే ప్రత్యక్ష గుడారం కట్టే పని బెసలేలు అనే శిల్పికి అప్పగించాలి. దేవుడు మోషే ప్రవక్తను అడుగుతాడు: ‘మోషే, బెసలేలు నీకు సమ్మతమేనా?’ ‘ప్రభూ, నీకు సమ్మతమైనవాడు నాకు కాకుండా పోతాడా?’ ‘అయినా సరే, వెళ్లి జనాన్ని అడుగు.’ సాక్షాత్తూ దేవుడు ఎంపిక చేసినవాడికీ జనం సమ్మతి కావాలట! జనాన్ని అడగకుండా వాళ్ల మీద నాయకుణ్ణి పెట్టకూడదన్న మాటకు తోడుగా వచ్చే కథ ఇది. పదిమంది పండితుల పేర్లు తీసేసి దీన్ని పెట్టు. అయితే ఒక జాగ్రత్త: ఇది నాయకుడికి జనామోదం ఉండాలంటుంది, ప్రతి ఒక్కరూ ఓటెయ్యాలనదు.

గొడవలను ఎందుకు దాచావో అర్థం కాలేదు. 1920 ప్రాంతంలో పాలస్తీనాలో స్త్రీలకు ఓటు విషయమై పెద్ద రభస జరిగింది. రబ్బీ కూక్ వద్దన్నాడు. రబ్బీ ఉజియేల్ ఇవ్వాల్సిందేనన్నాడు: ఎన్నికైనవాళ్ల మాట వినమని స్త్రీలను బలవంతపెడుతూ, ఎన్నుకునే హక్కు మాత్రం లేదంటామా అని. ఇద్దరూ అదే తోరా చదివినవాళ్లే. ఇంకోవైపు సత్మార్ అనే కరడుగట్టిన సంప్రదాయ యూదు శాఖ గురువు రబ్బీ యోయెల్ టైటెల్‌బామ్ ఇజ్రాయెల్ ఎన్నికల్లో ఓటెయ్యడమే నిషిద్ధమన్నాడు. ఆయన అనుచరులు న్యూయార్క్‌లో మాత్రం గంపగుత్తగా ఓట్లేస్తారు, వాళ్ల పెద్దల ఇళ్లకు అభ్యర్థులు వరస కడతారు. ఇవన్నీ రాస్తే నీ వాదం బలహీనపడుతుందని టెన్షన్ పడకు. వాదులాట లేని యూదు ధర్మం అంటే ఎవరూ నమ్మరు.

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్న బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాల గురించి చివర్లో ఒక పేరా రాశావు. తెలుగు మాట్లాడే యూదులు, నిజమే. కానీ ‘వారు సైతం ఓటును మతధర్మంగా భావిస్తారు’ అన్నది ఎవరు చెప్పారు నీకు? గుంటూరు నుంచి ఎంతో దూరం లేదు. వెళ్లి కూర్చుని మాట్లాడు. మతం కోసమే ఓటేస్తున్నామంటారో, రేషన్ కార్డు కోసం అంటారో, వాళ్లు అన్నది అన్నట్టే రాయి. అప్పటిదాకా ఆ పేరా తీసేసి, మిగతాది తిరగరాసి పంపు.