పాఠకుల ప్రశ్నలు: కోడి వ్యర్థాలకీ విమానానికీ ఏమిటి సంబంధం?

(జవాబులు: విమానాశ్రయ నిర్వహణ విభాగంలో పనిచేసి రిటైరైన అధికారి)

ప్రశ్న: మా ఊరు విమానాశ్రయానికి ఆరేడు కిలోమీటర్లు. నాకు చికెన్ షాపుంది. వ్యర్థాలు చెరువు గట్టున వేస్తున్నామని పంచాయతీ వాళ్లు నోటీసిచ్చారు. గద్దలు చేరి విమానాలకు ప్రమాదమట. అంత పెద్ద విమానాన్ని గద్ద ఏం చేస్తుందండీ?
– ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా

జవాబు: చెత్త బండి పంపకుండా నోటీసు మాత్రం పంపే పంచాయతీల మీద నాకూ కోపమే. కానీ గద్ద సంగతి తేలిగ్గా తీసుకోకండి. దిగే విమానం రన్‌వేకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఎత్తు 300 మీటర్ల పైచిలుకు, అంతే. గద్దలు గిరికీలు కొట్టేదీ ఆ ఎత్తులోనే. 2009 జనవరిలో న్యూయార్క్‌లో బాతుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ చచ్చుబడితే, విమానాన్ని హడ్సన్ నదిలో దించాల్సి వచ్చింది. 155 మందీ బతికారు.

మేం ప్రతి ముప్పుకీ ఒక అంకె, ఒక అక్షరం వేస్తాం. ఎంత తరచుగా జరగొచ్చో 1 నుంచి 5 దాకా (5 అంటే అతి తరచుగా), జరిగితే ఎంత నష్టమో ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఏ’ నుంచి ‘ఈ’ దాకా. ఈ రెండూ కలిసే గడి రంగే ముప్పు ఎంతో చెబుతుంది. ‘ఏ’ అన్నిటికన్నా ఘోరం. తీతువు పిట్టకి 4-డి పడిందనుకోండి, అది పసుపు గడి, జాగ్రత్తలు తీసుకుంటూ నడపొచ్చు. గద్దల గుంపుకి 4-బి పడితే ఎర్ర గడి. ఎర్ర గడిలో ఉన్నదాన్ని అలాగే వదిలేసి సంతకం పెట్టడానికి ఏ మేనేజరుకీ వీల్లేదు.

తొలకరి పడ్డ సాయంత్రం రన్‌వే చూడాలి మీరు. ఉసిళ్లు లేస్తాయి, వాటి కోసం కొంగలు దిగుతాయి. మా జీపులో టపాకాయలు సిద్ధంగా ఉంటాయి. గ్యాస్‌తో పేలే ఫిరంగి కూడా ఉంటుంది కానీ, దాన్ని ఒకేచోట పెడితే కొన్నాళ్లకి కాకి వచ్చి దాని మీదే కూర్చుంటుంది. చోటు మారుస్తూ ఉండాలి. గడ్డి సంగతి మరీ తలనొప్పి. కురచగా కోస్తే తీతువులు, పెరగనిస్తే ఎలుకలు, ఎలుకల కోసం మళ్లీ గద్దలు!

ఇదంతా గోడ లోపల. గోడ బయటికి మా జీపు రాదు. అందుకే 1937 నాటి విమాన నియమాల్లో 91వది, 10 కిలోమీటర్ల లోపు పక్షుల్ని రప్పించేలా జంతువుల్ని కోయడం, చెత్త పారబోయడం కుదరదంటుంది. షాపు మూసేయమని దాని అర్థం కాదు. పక్షులు చేరకుండా ఏర్పాటు ఉండాలి. మూత గట్టిగా పడే డ్రమ్ము మీది, వేళకొచ్చి ఎత్తుకెళ్లే బండి పంచాయతీది. నోటీసుకి జవాబులో ఆ బండి కావాలని రాయండి. విమానాశ్రయం చుట్టుపక్కల ఇలాంటి సంగతులు చూడ్డానికి ఎయిర్‌ఫీల్డ్ ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్ కమిటీ అని ఒకటుంటుంది, ఒక కాపీ దానికీ పంపండి. నేను పనిచేసిన ఒకచోట ఆ కమిటీ మీటింగుల్లో టీ, బిస్కెట్లు తప్ప ఏదీ కదిలేది కాదు. అయినా ఉత్తరం ఇన్‌వర్డ్‌లో ఎక్కితే ఎవరో ఒకరు సమాధానం చెప్పుకోవాలి.

ప్రశ్న: 2024 డిసెంబరులో దక్షిణ కొరియాలో 179 మంది చనిపోయింది పక్షుల వల్లేనా?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: పక్షుల దగ్గరే ఆగలేదమ్మా. మువాన్‌లో పడ్డ ఆ విమానం రెండు ఇంజన్లలోనూ బాతుల ఈకలు, రక్తం దొరికాయి, నిజమే. చక్రాలు దిగకుండా పొట్ట మీద జారుతూ రన్‌వే దాటింది. అక్కడొక మట్టి దిబ్బ, లోపల కాంక్రీటు, పైన లోకలైజర్ యాంటెన్నాలు, అంటే దిగే విమానానికి రన్‌వే వరస చూపించేవి. దాన్ని గుద్దుకునే పేలింది. 181 మందిలో మిగిలింది ఇద్దరే. అలాంటిచోట తగిలితే విరిగిపోయే తేలికపాటి స్తంభాలే ఉండాలి.

పోనీ మనకిది కొత్తా అంటే, కాదు. 2010 మే 22న మంగళూరులో రన్‌వే దాటిన విమానం రెక్క ఇలాంటి కాంక్రీటు కట్టడానికే తగిలింది, ఆపైన లోయ. 158 మంది పోయారు. రన్‌వే చివర కనీసం 90 మీటర్ల ఖాళీ జాగా తప్పనిసరి, 240 ఉండాలని అంతర్జాతీయ సిఫార్సు. మంగళూరులో అప్పుడున్నది 90. కొండ అడ్డం, భూమి లేదు అంటారు. లేకపోతే రన్‌వేనే కాస్త కుదించి ఆ జాగా వదలాలి. పెద్ద విమానాలు తగ్గుతాయి, నాయకుల ఫోన్లు మోగుతాయి. మోగనివ్వండి.

ప్రశ్న: విమానాశ్రయం ఫైరింజన్లు ఏడాదంతా ఖాళీయే కదా, ఊళ్లో మంటలకి పంపొచ్చుగా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: రన్‌వే మీద ఏ మూలకైనా మూడు నిమిషాల్లో చేరాలన్నది నియమం. బండి ఊళ్లోకి వెళ్తే ఆ మేరకు విమానాశ్రయం ఫైర్ కేటగిరీ (ఎంత పెద్ద విమానానికి సరిపడా అగ్నిమాపక ఏర్పాటు ఉందో చెప్పే అంకె) తగ్గుతుంది, ఆ సంగతి పైలట్లకు ముందే తెలియజేయాలి. పెద్ద విమానం వచ్చే వేళైతే దాన్ని వేరే ఊరికి మళ్లించాల్సిందే. పంపిన సందర్భాలున్నాయి, కానీ విమానాల టైంటేబుల్ చూసుకున్నాకే.