క్లచ్ జారుతోందా? ముందు నూనె సంగతి చెప్పండి

ప్రశ్న ఏమిటంటే: సెకండ్ హ్యాండ్‌లో స్పోర్ట్స్ బైక్ కొని నెలైంది, ఎక్స్‌లేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదు, మెకానిక్ క్లచ్ ప్లేట్లు పోయాయంటున్నాడు, మార్చాల్సిందేనా అని.

మార్చాల్సే రావచ్చు. కానీ ఇంజిన్ విప్పించే ముందు నా గోడు కాస్త వినండి. నన్నడిగితే సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బళ్ళ క్లచ్ రోగాల్లో సగం మనం చేతులారా తెచ్చుకున్నవే. మిగతా సగం పాత ఓనరు చేతులారా తెచ్చి మనకు అంటగట్టినవి.

2019లో గాజువాకలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడి దగ్గర యమహా ఆర్15 రెండో వెర్షన్ కొన్నాను. 149 సీసీ, ఆరు గేర్లు, చూడ్డానికి గుర్రంలా ఉంటుంది. ప్రకటనలో "సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్" అని రాశాడు. ఈ షోరూమ్ కండిషన్ అనే మాట మీద ఎవరైనా పన్ను వేస్తే బాగుండు. వెనక టైరు నడుమ గుండు కొట్టించినట్టు నున్నగా ఉంది, హ్యాండిల్‌కి ఆన్‌లైన్‌లో కొన్న పొట్టి ఎర్ర లివర్లు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. పొట్టి లివరు మీద రెండు వేళ్ళే పడతాయి. ఆ రెండు వేళ్ళూ ట్రాఫిక్‌లో ఇరవై నాలుగు గంటలూ అక్కడే కాపురం ఉంటాయి. క్లచ్ సగం నొక్కి సగం వదిలి నడిపే చేతులవి. పైగా వీడియోల కోసం ముందు చక్రం లేపడం ఒకటి. నేనేమో రంగు చూసి మురిసిపోయాను.

కొత్తలో ఒకటే ఇబ్బంది. న్యూట్రల్ పడేది కాదు. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగితే ఫస్టు, సెకండు, ఫస్టు, సెకండు. కాలితో తబలా వాయిస్తున్నట్టుండేది. క్లచ్ పూర్తిగా పట్టుకున్నా బండి మెల్లగా ముందుకు పాకేది. క్లచ్ వైరు లూజయిందనుకుని లివరు దగ్గరి అడ్జస్టర్ తిప్పుతూ పోయాను. లివరులో వీసమెత్తు లూజు లేకుండా బిగించేశాను. న్యూట్రల్ కాస్త తేలిగ్గా పడసాగింది. ఆహా, నాకు మెకానిజం కూడా వచ్చేసిందే అనుకున్నాను.

తర్వాత ఆయిల్ మార్చే టైమొచ్చింది. మా బావ కారు సర్వీసింగ్‌లో మిగిలిన డబ్బా ఒకటి ఇంట్లో ఉంది. "సింథటిక్ రా, బంగారం లాంటి నూనె. మీ షాపులో అమ్మే దానికి రెట్టింపు రేటు. పొయ్యి, బండి విమానమైపోద్ది" అన్నాడు. పోశాను. ఈ బండికి పట్టేది లీటరుకు కాస్త అటూ ఇటూ, ఇంకా మిగిలింది కూడా.

ఆ ఆదివారమే అరకు బయల్దేరాం, వెనక సీటు మీద బావ. శృంగవరపుకోటలో ఇడ్లీలు తినేదాకా బండి బ్రహ్మాండం. ఘాట్ మొదలై నాలుగైదు మలుపులు తిరిగాక థర్డ్ గేర్లో ఎక్కుతుంటే ఇంజిన్ మోత పెరిగింది, బండి మాత్రం బరువెక్కింది. ఇంజిన్ వేగం చూపే ముల్లు చూస్తే ఐదు వేల నుంచి ఎనిమిది వేలకు పోతోంది. పక్కన స్పీడు అంకెలు 34, 31, 28. ఎక్స్‌లేటర్ ఇంకా తిప్పాను, మోతే పెరిగింది. ఇంతలో ఆర్టీసీ బస్సు హారన్ కొడుతూ మమ్మల్ని దాటిపోయింది. కిటికీలోంచి ఒక చంటాడు టాటా చెప్పాడు. స్పోర్ట్స్ బైక్ మీద హెల్మెట్, జాకెట్టు, గ్లోవ్సు వేసుకుని కూర్చుని ఆ టాటా అందుకోవడం ఎంత అవమానమో ఎవరికి చెప్పుకోను?

బావ దిగి నడిచాడు. ఒక మలుపులో సీతాఫలాలు అమ్మే ఆవిడ పక్కన బండి ఆపి ఇరవై నిమిషాలు కూర్చున్నాం. మళ్ళీ స్టార్ట్ చేస్తే శుభ్రంగా లాగింది. రెండు కిలోమీటర్లు పోయాక మళ్ళీ అదే వరస. ఇది గుర్తుపెట్టుకోండి: చల్లగా ఉన్నప్పుడు బుద్ధిమంతుడిలా ఉండి, వేడెక్కాక జారడం మొదలుపెడుతుంది. అందుకే పొద్దున్నే షెడ్డు ముందు ఒక రౌండు కొట్టి "బానే ఉంది కదా" అనే మెకానిక్ మాట నమ్మకూడదు. అరకు చూడలేదు, గాలికొండ దాకా కూడా పోలేదు. వెనక్కి దిగొచ్చేశాం.

అమ్మిన కుర్రాడికి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాను. "అన్నా, నా దగ్గర ఉన్నప్పుడు ఇలా లేదన్నా" అని గొణిగి పెట్టేశాడు. అబద్ధాలకోరు అనుకున్నాను. ఊళ్ళో ఒక షోరూములో చూపిస్తే, మూత కూడా విప్పకుండానే క్లచ్ మొత్తం మార్చాలి, ఏడున్నర వేలు అన్నారు. ఈ కాలంలో ఎవరూ రోగం వెతకరు, సెట్టుకు సెట్టు మార్చేస్తారు, అదో జబ్బు.

చివరికి ఆటోనగర్ వైపు ఒక పెద్దాయన షెడ్డుకి పోయాం. ఆయన బండి నడపలేదు, మమ్మల్ని ఏమీ అడగలేదు. ముందు లివరు చివర వేలు పెట్టి కదిపాడు. "లూజేదీ?" అన్నాడు. తర్వాత ఆయిల్ మూత తీసి, దాని పుల్లకు అంటిన నూనెను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రుద్దుకున్నాడు. నా మొహం చూశాడు.

"ఈ నూనె ఎవరు పోశారు బావూ?"

మా బావ టీ కొట్టు బోర్డు చదవడం మొదలెట్టాడు.

కారు క్లచ్ ఇంజిన్ నూనెకు బయట, పొడిగా ఉంటుంది. ఇలాంటి బళ్ళలో క్లచ్ ఇంజిన్ నూనెలోనే మునిగి ఉంటుంది. పట్టు ఉన్న ప్లేటొకటి, ఉత్త స్టీలు ప్లేటొకటి, అలా దొంతరగా. పెట్రోలు ఆదా అవ్వాలని చాలా కారు నూనెల్లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఆ రాపిడే క్లచ్‌కి ప్రాణం! డబ్బా వెనక గుండ్రటి ముద్రలో "రిసోర్స్ కన్జర్వింగ్" అనో "ఎనర్జీ కన్జర్వింగ్" అనో ఉంటే గేర్ల బండి దరిదాపుల్లోకి రానివ్వకండి. మీకు కావాల్సింది జాసో (జపాన్ వాళ్ళ నూనె ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్నది. ఎంబీ అంటే గేర్లు లేని స్కూటర్లది. "నేను పోశాను, ఏమీ కాలేదు" అనేవాళ్ళు ఇక్కడ కింద కామెంట్లలో తప్పకుండా వస్తారు. వాళ్ళను ముగ్గురితో ఘాట్ ఎక్కమనండి.

రెండో పాపం నా అడ్జస్టర్ పని. లివరు చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల లూజు ఉండాలి. అది లేకపోతే మనం పట్టుకోకపోయినా వైరు క్లచ్‌ను కొంచెం లాగే ఉంచుతుంది, స్ప్రింగులు ప్లేట్లను పూర్తిగా నొక్కలేవు. ఇంకో మాట: వైరు సాగితే లూజు పెరుగుతుంది, ప్లేట్లు అరిగితే తగ్గుతుంది. మనవాళ్ళంతా దీన్ని తలకిందులుగా నమ్ముతారు.

పెద్దాయన వైరు సరిచేసి, నూనె మార్చి, రెండు రోజులు నడిపి రమ్మన్నాడు. జారడం సగం తగ్గింది, పోలేదు. అప్పుడే విప్పాడు. బండిని సైడు స్టాండు మీద ఎడమకు వాల్చాడు, క్లచ్ కుడివైపు కాబట్టి. కొత్తగా పోసిన నూనె పారబోయాల్సిన పని లేకుండా కవరు ఊడొచ్చింది. లోపలి నుంచి మాడిన వాసన. స్టీలు ప్లేట్లలో మూడు నెమలి మెడలా నీలంగా తిరిగాయి. కిటికీ అద్దం ముక్క మీద ఒక్కొక్కటీ పరిచి, కిందికి పల్చటి గేజి రేకు దూరుతుందేమో చూశాడు. దూరితే ప్లేటు వంగినట్టే. ఆ మూడింటికీ దూరింది. పట్టు ప్లేట్లను వెర్నియర్‌తో కొలిచి నవ్వాడు. "మందం ఉంది, పట్టు లేదు" అన్నాడు. పైపొర అద్దంలా మెరుస్తోంది.

అంటే ఆ కుర్రాడు వాడిన ప్లేట్లకు ఇంకా ఆయుష్షుంది. వాటిని చంపింది నేనే. వాడు నిజమే చెప్పాడు పాపం.

వాడి తప్పు వేరే చోట దొరికింది. ప్లేట్ల దొంతర కూర్చునే గిన్నెను బాస్కెట్ అంటారు, ప్లేట్ల కొమ్ములు ఆనే దాని వేళ్ళ మీద గాట్లు పడ్డాయి. గోరు పెట్టి లాగితే టక్కున ఆగుతోంది. ప్లేట్లు ఆ గాట్లలో ఇరుక్కుని విడివడకపోవడం వల్లే న్యూట్రల్ పడలేదు. నేను వైరు బిగించి మందు వేసింది ఈ రోగానికి! బాస్కెట్ బయటికి తీసి సన్న ఆకురాయితో గాట్ల అంచులు నున్నగా చేశాడు. లోతుగా ఉంటే బాస్కెట్టే మార్చాలట, అంతదూరం రాలేదు. కొత్త ప్లేట్లు రాత్రంతా స్టీలు డబ్బాలో నూనెలో నానాయి. పొడిగా బిగిస్తే మాడిపోవచ్చు. స్ప్రింగులూ మార్చాడు. స్ప్రింగు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి, బలం చూపిస్తే తలకాయ ఊడి చేతిలోకొస్తుంది. కవరు ప్యాకింగ్ కొత్తది. అన్నీ కలిపి మూడు వేల లోపు అయింది.

ఇక మీ బండి. ముందు లివరు లూజు, తర్వాత ఏ నూనె పోశారో చూసుకోండి. అరగంట నడిపి వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్లో ఒక్కసారిగా ఎక్స్‌లేటర్ తిప్పండి. ముల్లు ఎగిరి స్పీడు ఎగరకపోతే జారుతున్నట్టే. ఎక్కువ సార్లు చేయకండి, చేసిన ప్రతిసారీ ప్లేట్లు కాలతాయి. నూనె, వైరు సరిగ్గా ఉండీ జారితే మీ మెకానిక్ చెప్పింది నిజమే, మార్పించండి. తీసిన ప్లేట్లు ఇంటికి పట్టుకెళ్తానని ముందే చెప్పండి.

మీరు ఒక్క సంగతి రాయలేదు. కొన్నరోజు నుంచే జారుతోందా, లేక మీరు ఏదైనా ముట్టుకున్నాకా?