వాళ్ల నాన్నలా తయారవుతాడని భయమా?

‘మాది మిర్యాలగూడ. బాబుకు ఆరేళ్లు. ఆటిజం అన్నారు. వారానికి రెండుసార్లు బస్సులో హైదరాబాద్ తీసుకెళ్తున్నా. అక్కడ చేతులు ఊపకుండా పట్టుకుని కూర్చోబెడతారు, కళ్లలోకి చూస్తేనే బిస్కెట్ ఇస్తారు. గేటు కనబడగానే ఏడుపు మొదలు. పిల్లల తీరును ఒప్పుకుని నేర్పే థెరపీ వేరే ఉందట. దానికోసం ఎల్బీ నగర్‌లో రూమ్ తీసుకుని నేనూ బాబూ ఉండిపోదామనుకుంటున్నా. మా ఆయనది మోటార్ వైండింగ్ షాపు. ఎవరితో కలవడు. పెళ్లికెళ్తే తినేసి వచ్చి బండి మీద కూర్చుంటాడు. బాబు షాపులో రాగి తీగ ముక్కలు పొడుగు వారీగా పేర్చుకుంటూ రెండు గంటలుంటాడు. ఈయన వద్దనకపోగా ఇంకో నాలుగు ముక్కలు కత్తిరించి ఇస్తాడు! ఇంటికి రాగానే నేను లాక్కుని దాచేస్తా. అత్తమ్మేమో ‘మా వోడు గూడ చిన్నప్పుడు గిట్లనే ఉండె’ అంటది. రూమ్ తీసుకోమంటారా?’

అమ్మా, మీరడిగినదానికి జవాబు రెండు ముక్కలు. గేటు చూసి పిల్లాడు ఏడ్చే చోటు మానేయండి. రూమ్ తీసుకోకండి.

ఇక మీరు అడగనిది. మీ ఉత్తరంలో కోపం బాబు మీద లేదు, ఆటిజం మీద కూడా లేదు, మీ ఆయన మీద ఉంది. కొడుకు కూడా అలాగే నలుగురిలో కలవనివాడవుతాడని మీ టెన్షన్. అందుకే ఆ చేతులు ఆగాలి, ఆ తీగలు పోవాలి. కాదంటారా?

మీ అత్తమ్మ మాటను ఎత్తిపొడుపు అనుకున్నారు. నాకైతే అందులో తప్పేమీ కనబడలేదు. ఆటిజం తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు, చాలావరకు పుట్టుకతో వచ్చేదే. ఇంట్లో ఇంకొకరిలో ఆ ఛాయలు ఉండటం మామూలే. మీ ఆయనకూ ఆటిజమే అని నేను చెప్పను, అది డాక్టరు పని. కానీ మీరు వందల కిలోమీటర్లు తిరిగి వెతుకుతున్న థెరపీలో సగం ఆ షాపులో జరుగుతోంది. పిల్లాడికి ఇష్టమైన పనిలో పక్కన కూర్చోవడం, కళ్లలోకి చూడమని సతాయించకపోవడం, అడగకుండానే ఇంకో ముక్క అందించడం.

అలాగని వదిలేయడం కాదు. ఒప్పుకుని నేర్పడం అంటే నేర్పడమే. నోటితో చెప్పలేకపోతే ‘నీళ్లు’, ‘నొప్పి’, ‘చాలు’ అని బొమ్మల కార్డులు చూపించి అడగడం నేర్పుతారు. చప్పుడుకు బెదరకుండా మిక్సీ వేసే ముందు బాబుకు చెప్పమని మీకు నేర్పుతారు. పళ్లు తోముకోవడం, బాత్‌రూమ్ అలవాట్లు అన్నీ ఉంటాయి. చేతులు ఊపడం మాత్రం ఆపరు. అది వాడికి ఊరట.

మీ ఆయననూ వదలను. డబ్బులిచ్చి షాపులో కూర్చుంటే తండ్రి బాధ్యత తీరదు. బస్సులో రెండేళ్లు తిరిగినా, ఇరవై ఏళ్లు తిరిగినా అన్నీ మీ ఒళ్లోనే పడితే అది న్యాయం కాదు. అయితే ‘కొంచెం పట్టించుకోండి’ అంటే ఇలాంటి మనిషికి ఎక్కదు. ‘బుధవారం 10 గంటలకు షట్టర్ దించి బాబును మీరు తీసుకెళ్లాలి’ అనండి. రోజు, టైము, పని. చేస్తారనే నా నమ్మకం.

ఎక్కడికంటారా, ముందు మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో, నల్గొండ ప్రభుత్వాసుపత్రిలో అడగండి. వాళ్లతో కాకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ (ఎన్‌ఐఈపీఐడీ) ఉంది, నెలకోసారి వెళ్లి ఇంట్లో చేయాల్సింది రాయించుకు రావచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది కాబట్టి వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. దాంతో కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా ‘నిరామయ’కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చులూ వస్తాయి. సర్టిఫికెట్ అనగానే ‘రేపు పెళ్లికి అడ్డం’ అనే చుట్టాలు మీకూ ఉండే ఉంటారు. వాళ్లెవరూ మీ బస్సు చార్జీ ఇవ్వరు.

ముందు ఆ రాగి ముక్కలు ఎక్కడ దాచారో తీసి బాబుకు ఇచ్చేయండి. కొసలు గుచ్చుకుంటాయనుకుంటే చివర్లు వంచి ఇమ్మని మీ ఆయన్ను అడగండి.